నలుగురితోటి బడితొవ్వ

నందికొండ హిల్ కాలనీల చివరి వరుసల ఎల్లయ్య ఇల్లు. డ్యాం గేట్ల కాడ పనిచేసి రిటైరైన మనిషి. గేట్లను లేపే ఇనుప తాళ్ళకు గ్రీజు పెట్టుడు, మోటార్లను కనిపెట్టుకొని ఉండుడు, నౌకరి చేసినన్నాళ్ళు గదే పని. రిటైరైనంక పొద్దుగాల లేవంగనే చాయ హోటల్ కాడికి నడుస్తుండె. పాత దోస్తులు అక్కడ జమైతుండిరి. మీదికెల్లి ఎన్ని నీళ్ళొస్తున్నయి, ఈయేడు గేట్లు లేస్తయా లేవా అని మాట్లాడుకుంట కూసుంటే అన్నం యాళ్ల అయితుండె. అప్పుడు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కొని పళ్ళెం ముంగట కూసుంటుండె.

ఆ ఇంట్ల పొద్దుగాల ఎంత లొల్లి అయితదో ఆయనకు తెల్వదు. ఎందుకంటే ఆ లొల్లి మొదలయ్యే యాళ్లకు ఆయన హోటల్ల ఉంటుండె.

లొల్లికి కారణం నలుగురు పిల్లలు. ఎల్లయ్య బిడ్డ స్వరూప హాలియాల ఒక దవాఖానల నర్సు. అల్లుడు కృష్ణకాంత్ లారీ మీద పోతే వారం దినాలకు గాని ఇల్లు చేరడు. అందుకే స్వరూప పిల్లలను తీస్కొని తల్లిగారింట్లనే ఉంటున్నది. పెద్దది మనీష, మూడో తరగతి. రెండోది అక్షిత, ఒకటో తరగతి. ఆ ఎన్క ఒక్కసారే పుట్టిన నరేష్, నవీన్. ఇద్దరు పోరగాండ్లను ఆ యేడే ఎల్కేజీల వేసిన్రు. కరోనా సెలవుల గోస తీరి బడులు మళ్ళా ఎప్పటిలెక్క జూన్ నెలల తెరిచిన యేడు అది. స్వరూప మొదటి బస్సుకే డ్యూటీకి పోతది గనుక పిల్లలను లేపుడు, తానం చేపిచ్చుడు, జడలేసుడు, సద్ది కట్టుడు, బడిల దించుడు, మాపటికి తోల్కొచ్చుడు, అన్నీ ఎల్లయ్య భార్య నర్సింగమ్మనే చేస్తుండె.

బడులు తెరిచిన రెండో వారంల నర్సింగమ్మ బాత్‌రూంల జారిపడ్డది. మోకాలిచిప్ప పగిలింది. దవాఖానల పట్టీ కట్టి, కాలు కింద పెట్టొద్దని, మూడు నెలలు మంచం మీదనే ఉండాలెనని చెప్పి పంపిన్రు.

మంచం మీద పండుకోబెట్టంగనే ఆమె అన్న మొదటి మాట, "పిల్లల బడి ఎట్లనే స్వరూపా?"

స్వరూప తండ్రి దిక్కు చూసింది. "బాపూ, రేపటి సంది నువ్వే తోల్కపోవాలె."

"ఆటో పెట్టరాదు?" అన్నడు ఎల్లయ్య.

"ఆటోల మేకలను నింపినట్టు నింపుతున్నరు. చిన్నోళ్ళిద్దరు అంచుకు వేలాడాలె. నాకు డ్యూటీల పాణం నిలువది బాపూ."

నర్సింగమ్మ మూలుగుకుంటనే అందుకున్నది. "డ్యాం నిండ నీళ్ళను పట్టి ఆపినోనివి, నలుగురు పిల్లలను బడిదాంక పట్టుకపోలేవానయ్యా?"

ఎల్లయ్య మనసుల లెక్కేసుకున్నడు. గుట్ట దిగి రోడ్డు దాటితే బడి. పోను అరగంట, రాను అరగంట. దాంట్ల ఏముంది అనుకున్నడు.

మరునాడు పొద్దుగాల ఏముందో తెలిసింది. స్వరూప అన్నం, కూర వండిపెట్టి బస్సుకు ఉరికింది. ఆమె అటు పోంగనే నరేష్ ఒక్క చెప్పుతోటి వాకిట్లకు పోయిండు. నవీన్ లేవనే లేవలే. అక్షిత పళ్ళు తోముకుంట తోముకుంట చీమల వరుస కనవడితే ఆడనే కూసున్నది. నర్సింగమ్మ మంచం మీదికెల్లి హుకుములిస్తున్నది.

"ఏమయ్యా, గది మనీష బెల్టు కాదు, అక్షితది! గా బ్యాగుల పెట్టకు, అది నిన్నటి డబ్బ, కడగలే! వాని అంగీ గుండీలు కిందికెల్లి పెట్టు, లేకపోతే ఒకటి మిగులుతది!"

ఆడపిల్లలిద్దరు ఒకలెన్క ఒకలు వచ్చి మంచం పక్కన కింద కూసుంటే నర్సింగమ్మ మంచం మీద కూసోనే జడలేసింది. మిగిలినయన్నీ ఎల్లయ్య నెత్తిమీదనే పడ్డయి. గేట్లు ఒక్క స్విచ్ నొక్కితే లేస్తుండె. నవీన్‌ను లేపనీకె అసుంటి స్విచ్ యాడ ఉందో ఆయనకు దొరకలే.

ఎట్లనో అట్ల ఇల్లు దాటిన్రు. మనీష గబగబ ముంగట నడిచింది, ఈ మంది ఎవరో తనకు తెల్వనట్టు. అక్షిత ప్రతి రాయి కాడ ఆగింది. అన్నదమ్ములిద్దరు ఒకని చెయ్యి ఒకడు పట్టుకొని మెల్లగ నడిచిన్రు. ఒకడు ఆగితే రెండోడు ఆగుతడు. ఎల్లయ్య ముంగటి దాని కోసం ఒక కేక, ఎన్కటి దాని కోసం ఒక కేక వేసుకుంట దిగిండు. సగం గుట్ట దిగినంక రేగుచెట్టు కింద గోడ మీద కోతులు కూసోని ఉన్నయి. అక్షిత తన డబ్బ సంచిని భుజానికి కాకుండ చేతికి వేలాడేసుకొని వాటిని చూసుకుంట నిలవడ్డది. పెద్ద కోతి దిగొచ్చింది, సంచి అందుకున్నది, మళ్ళ గోడ ఎక్కింది. మూత తీసుడు సుత దానికి తెలుసు.

"తాతా! నా పప్పన్నం!" అని అక్షిత గుట్ట అదిరేటట్టు ఏడ్చింది.

"మనీష డబ్బల సగం తిందువు గని రాయే" అని ఎల్లయ్య ఎత్తుకున్నడు. మనీష అక్కడికెల్లే, "నేనియ్య!" అన్నది.

బడి కాడికి పోయే యాళ్లకు గంట కొట్టిన్రు. ఆయా మారెమ్మ గేటు కాడ నిలవడి చిన్నోళ్ళిద్దరిని చూసి నవ్వింది. ఎల్లయ్య ఒకని మెడల కార్డు ఇంకొకనికి వేసిండట.

"తాతా, గీడు నవీన్ కాదు, నరేష్" అన్నది.

"నీకెట్ల తెలుసమ్మా?"

"నెత్తిమీద రెండు సుడులున్నోడు నరేష్. నువ్వు తాతవు, గంత తెల్వదా?"

ఎల్లయ్య ఒంగి ఇద్దరి నెత్తులు చూసిండు. నిజమే. ఒకనికి రెండు సుడులు, ఒకనికి ఒకటి. నాలుగేండ్ల సంది ఇంట్లనే తిరుగుతున్న పిల్లలు. ఆయన వాళ్ళ నెత్తులను అంత దగ్గరికెల్లి చూసుడు అదే మొదటిసారి.

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డడు. దినమంత నాటేసి వచ్చినోని లెక్క ఉన్నడు. జరిగిందంత చెప్తుంటే నర్సింగమ్మ మోకాలు పట్టుకొని నవ్వుడు. నవ్వితే నొప్పి, నొప్పికి ఏడుపు, మళ్ళ నవ్వు. "గేట్లెత్తుడు అల్కనా, పిల్లలనెత్తుడు అల్కనా?" అని అడిగింది.

ఆ దినం ఎల్లయ్య హోటల్‌కు పోలే.

నెల గడిచే యాళ్లకు ఆయనకు కొన్ని సంగతులు సమజైనయి. నవీన్‌ను లేపాలంటే ముందుగాల నరేష్‌ను లేపి వాని పక్కన కూసోబెట్టాలె. అక్షితకు అర్జెంటని చెప్తే నడువది, "గక్కడ ఏదో ఉన్నది, చూద్దాం పా" అంటే ఉరుకుతది. డబ్బ సంచులన్నీ ఒక్క తువ్వాలల కట్టి నెత్తిన పెట్టుకుంటే కోతుల ఫికర్ లేదు. రోడ్డు కాడికి రాంగనే అందరు ఆగాలె, తాత చెయ్యి లేపినంకనే దాటాలె. ఆ ఒక్క సంగతిల మాత్రం ఆయన గరం మనిషి. ఆగకపోతే గట్టిగ అరుస్తుండె. ఆ రోడ్డు మీద హైదరాబాద్ కార్లు ఎట్ల వస్తయో ఆయనకు తెలుసు.

మనీష సంగతే సమజ్ కాకపోయేది. బడి గేటు ఇంకింత దూరం ఉండంగనే, "తాతా, నువ్వు గీడనే ఉండు, మేం పోతం" అంటుండె.

"ఎందుకే?"

"ఊకెనే."

ఒకనాడు అక్షిత చెప్పేసింది. "అక్క దోస్తుల డాడీలు బండ్ల మీద వస్తరు తాతా. ప్యాంటేస్కొని వస్తరు. నువ్వు ధోతి కట్టుకొని, నెత్తిమీద మూట పెట్టుకొని వస్తవ్. అందుకే అక్కకు సిగ్గు."

మనీష చెల్లె వీపుల ఒకటి చరిచింది. ఎల్లయ్య ఇంటికి పోయి పెట్టె తెరిచి నౌకరి నాటి ఖాకీ ప్యాంటు తీసిండు. రిటైరైనంక మనిషి చిక్కిండు. ప్యాంటు నడుము చుట్టు ఇంకో మనిషి పట్టేటంత ఉన్నది. నర్సింగమ్మ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది గని ఎందుకని అడగలే. దారం ముక్క ఇచ్చింది, కట్టుకొమ్మని.

మరునాడు ప్యాంటేస్కొని గుట్ట దిగుతుంటే సగం తొవ్వల దారం తెగింది. ఒక చెయ్యితోటి మూట, ఇంకో చెయ్యితోటి ప్యాంటు పట్టుకొని ఎల్లయ్య నిలవడిపోయిండు. పట్టుకునేటందుకు పిల్లలకు చెయ్యి లేదు. నరేష్, నవీన్ కింద కూసోని నవ్విన్రు. అక్షిత నవ్వింది. మనీష మూతి బిగవట్టి చూసింది, చూసింది, ఇగ ఆపుకోలేకపోయింది. నవ్వీ నవ్వీ కండ్లల్ల నీళ్ళొచ్చినయి. దగ్గరికొచ్చి తన జడ రిబ్బన్ ఇప్పి ఇచ్చింది.

"గిది కట్టుకో తాతా. రేపటి సంది ధోతే కట్టుకో. నీకు గదే మంచిగుంటది."

"మరి నీ దోస్తులు?"

"ఏమన్నంటే నేను చెప్త" అన్నది. ఆ దినం నడుముకు ఎర్ర రిబ్బన్ కట్టుకున్న తాతను గేటు దాంక చెయ్యి పట్టుకొని తీస్కపోయింది.

జూలై నెలల ఇంకో పరేషాన్ వచ్చింది. అన్నదమ్ములిద్దరు పక్కపక్కన కూసుంటే వాళ్ళల్ల వాళ్ళే గుసగుసలాడుకుంటున్నరు, వేరే పిల్లలతోటి కలుస్తలేరు అని నవీన్‌ను వేరే సెక్షన్‌ల వేసిన్రు. భాగ్యశ్రీ మిస్ గేటు కాడికొచ్చి ఎల్లయ్యకు మంచి మాటలతోటే చెప్పింది. "నాలుగు దినాలు ఏడుస్తడు తాతా, అటెన్క అలవాటైతది. మీరు ఫికర్ పెట్టుకోకుండ్రి."

నవీన్ ఏడ్వలే. ఏడిస్తే బాగుండు. వాడు మాట్లాడుడు ఇడిచిపెట్టిండు. బడికెల్లి వచ్చినంక నరేష్ బడి ముచ్చట్లు చెప్తుంటే గోడకానుకొని వింటుండె, అంతే. అడిగితే తల ఊపుడే. స్వరూప డ్యూటీ నుంచి వచ్చి వాన్ని ఒళ్ళె పెట్టుకొని ఎంత అడిగినా నోరిప్పలే.

మరునాడు ఎల్లయ్య నలుగురిని బడిల దించి ఇంటికి రాలే. బడి గోడ లోపలి దిక్కు కానుగ చెట్టు కింద కూసున్నడు. నవీన్ క్లాసు కిటికీలకెల్లి ఆ చెట్టు కనవడతది. వాడు తల తిప్పిండు, తాతను చూసిండు, మళ్ళ పలక మీదికి ఒంగిండు. జరసేపైనంక మళ్ళ చూసిండు. ఎల్లయ్య తువ్వాల లేపిండు. వాడు నవ్వలే గని చూసుడైతే ఆపలే.

రెండో దినం మారెమ్మ వచ్చి, "లోపల కూసోవద్దని పెద్ద మేడం అంటున్నది తాతా" అని మెల్లగ చెప్పింది. ఎల్లయ్య లేచి గోడ అవతలికి పోయిండు. గోడ పొట్టిది. కూసుంటే కనవడడు, నిలవడితే కనవడతడు. నిలవడ్డడు. ఎండకు తువ్వాల నెత్తిన వేసుకొని, కాళ్ళు నొస్తే ఒక కాలు మార్చి ఒక కాలు మీద, అన్నం గంట కొట్టేదాంక నిలవడ్డడు. అటు ఇటు పోయేటోళ్ళు ఏమైంది ఎల్లయ్యా అంటే, "ఏం లేదు, ఊకె" అన్నడు. భాగ్యశ్రీ మిస్ కిటికీలకెల్లి చూసింది. పొమ్మని చెప్పలే. మూడోనాడు మారెమ్మతోటి ఒక కుర్చీ పంపింది. కుర్చీల కూసుంటే నవీన్‌కు కనవడడని ఎల్లయ్య దాని మీద తన సంచి పెట్టి పక్కన నిలవడ్డడు.

అట్ల వారం గడిచింది. ఒకనాడు మాపటికి గుట్ట ఎక్కుతుంటే నవీన్ తాత ధోతి గుంజిండు.

"తాతా, రేపు నువ్వు నిలవడకు."

వాని గొంతు వినవడి ఎల్లయ్య ఆగి కిందికి ఒంగిండు. "ఎందుకు బిడ్డా?"

"నాకు దోస్తు దొరికింది. పుట్నాలు పెట్టింది. నువ్వు నిలవడితే నన్ను చూసి నవ్వుతాంది."

ఎల్లయ్య వాన్ని ఎత్తుకొని మిగిలిన గుట్టంత ఎక్కిండు. వద్దన్నందుకు మనసుల ఎక్కడో జర కలుక్కుమన్నది గని, అది ఎవరికి చెప్పే ముచ్చట కాదు.

ఆగస్టుల ఎగువకెల్లి వరద వచ్చి గేట్లు లేపిన్రు. ఇగ చూడాలె ఆ దినం. హైదరాబాద్ నుంచి, మిర్యాలగూడ నుంచి, ఎక్కడెక్కడికెల్లో కార్లు, బండ్లు, బస్సులు. మక్కకంకులు కాల్చేటోళ్ళు, చేపలు ఏంచేటోళ్ళు రోడ్డుకు రెండు దిక్కుల బంతి కట్టిన్రు. బడి ఇడిచే యాళ్లకు ఎల్లయ్య ఇంటికెల్లి బయల్దేరిండు గని గుట్ట దిగేసరికి రోడ్డు మీద కాలు పెట్టే సందు లేదు. కార్ల నడుమకెల్లి ఒరుసుకుంట, బతిలాడుకుంట, ఒకాయనతోటి కొట్లాడుకుంట దాటిండు. బడి కాడికి చేరే యాళ్లకు గేటు మూసిన్రు. పిల్లలు లేరు.

మారెమ్మ ఒక్కతే ఊడుస్తున్నది. "మనీషనే తోల్కపోయింది గద తాతా. మా తాత తొవ్వలనే ఎదురొస్తడు అన్నది. పెద్ద పిల్లనే గదా అని ఇడిచిన."

ఎల్లయ్య రోడ్డు దిక్కు తిరిగిండు. ఆ రోడ్డు, ఆ కార్లు, అంత మంది. తను ఒక దిక్కుకెల్లి వస్తుంటే వాళ్ళు ఇంకో దిక్కుకెల్లి పోయిన్రా? నవీన్ చెయ్యి ఇడిపించుకుంటే? అక్షిత దేన్నన్న చూసుకుంట నిలవడితే? పేర్లు పెట్టి కేకలు వేసుకుంట ఉరికిండు. చెప్పు ఒకటి తెగితే ఇంకోటి సుత ఆడనే ఇడిచిండు. హారన్లల్ల ఆయన కేక ఆయనకే వినవడలే.

రోడ్డు కాడికి రాంగనే కనవడ్డరు. ఎప్పుడు దాటేటందుకు ఆగుతరో సరిగ్గ ఆ జాగాల, మోరీ గోడ మీద, నలుగురు వరుసగ కూసోని ఉన్నరు. ఒకలి బ్యాగు పట్టీ ఇంకొకలి చేతుల ఉన్నది. చివర నవీన్, వాని బ్యాగు పట్టీ మనీష తన చేతికి రెండు చుట్లు చుట్టుకున్నది. పక్కన మక్కకంకులమ్మే ముసలామె ఒక కంకిని నాలుగు ముక్కలు చేసి ఇచ్చినట్టుంది, నలుగురు గీక్కుంట తింటున్నరు.

ఎల్లయ్య తిట్టాలనే దగ్గరికి పోయిండు. 

"ఎందుకొచ్చిన్రే? నేను వస్తుంటి గద" అన్నడు ఎట్లనో.

"నువ్వు రాలే. వీళ్ళు ఆకలైతాందని ఏడుస్తున్నరు" అన్నది మనీష.  "రోడ్డు కాడికొచ్చినం తాతా, దాటలే. చెయ్యి లేపేటందుకు నువ్వు లేవు గద. నువ్వు వచ్చేదాంక ఇక్కడికెల్లి లేవద్దని చెప్పిన వీళ్ళకు."

ఎల్లయ్య మోరీ గోడ మీద వాళ్ళ పక్కన కూసుండిపోయిండు. తువ్వాలతోటి మొఖం తుడుచుకున్నడు. చాన సేపు తుడుచుకున్నడు.

"తాతా, నీ చెప్పులేవి?" అన్నది అక్షిత.

"యాడనో పోయినయి తియ్యి."

నరేష్ కంకి నమలుకుంట అన్నడు. "తాతా, అందరు గేట్లు చూడనీకె పోతున్నరంట. మనం సుత పోదామా?"

ఇంటి కాడ నర్సింగమ్మ ఎదురుచూస్తుంటది. ఇంకో దినమైతే ఎల్లయ్య పోనిచ్చేటోడు కాదు. ఆ దినం మాత్రం, "పాండ్రి" అన్నడు. ఇద్దరు చిన్నోళ్ళను రెండు చంకలల్ల ఎత్తుకున్నడు. ఆడపిల్లలు చెరొక దిక్కు ధోతి పట్టుకున్నరు. మంది నడుమకెల్లి పోయి నీళ్ళు కనవడే కాడ నిలవడ్డరు. తెల్లటి నీళ్ళు గర్జించుకుంట దుంకుతున్నయి. తుంపర మబ్బులెక్క లేచి రోడ్డు మీదికొచ్చి మీద పడుతున్నది. పిల్లలు ఒక్కపారి నోరు తెరిచి ఊకున్నరు, అటెన్క కేకలే కేకలు.

గేట్లు లేచిన దినాన ఎల్లయ్య ఎప్పుడైనా మీదనే, మోటార్ల కాడనే ఉండేటోడు. గట్ల మంది నడుమ నిలవడి, తడుసుకుంట చూసింది లేదు. కింది నుంచి చూస్తే ఇంత ఉంటదా అనుకున్నడు.

"గా గేట్లకు గ్రీజు పెట్టింది నేనే" అని చెప్పిండు.

నవీన్ తాత మెడ గట్టిగ పట్టుకున్నడు. "గీ నీళ్ళన్నీ నువ్వే ఇడిచినవా?"

"నేను కాదు బిడ్డా. నేను ఉత్త గ్రీజు పెట్టిన."

పక్కన నిలవడ్డ కారాయన విని నవ్విండు. నవీన్ మాత్రం నమ్మలే. మరునాడు బడిల తన దోస్తుకు నీళ్ళు మా తాతనే ఇడిచిండని చెప్పాలెనని అప్పటికే అనుకున్నడు.

మరునాడు గని బడికి ఎవ్వరు పోలే. ఐదుగురికి సర్ది. గేట్లు చూసిన మాపటికి తడి బట్టలతోటి ఇంటికి పోయేసరికి స్వరూప డ్యూటీ నుంచి వచ్చి గడపల నిలవడి ఉన్నది. మంచం మీద నర్సింగమ్మ ఏడుస్తున్నది. ఇద్దరు కలిసి ఎల్లయ్యను ఎన్ని తిట్టాలెనో అన్ని తిట్టిన్రు. "పిల్లలకు ఏమన్న అయితే?" అన్నది స్వరూప.  అటెన్క ఆమెనే తండ్రి నెత్తి తుడిచి, ఉడుకుడుకు నీళ్ళల్ల మిరియాలేసి ఇచ్చింది. తుడుసుకుంట, "చెప్పులు లేకుండ ఎట్ల వచ్చినవ్ బాపూ?" అని అడిగింది. మనీష చెప్పవోతే ఎల్లయ్య కండ్లతోటే వద్దన్నడు.

బతుకమ్మ పండుగ దాటేసరికి నర్సింగమ్మ లేచి నడుస్తున్నది. సెలవులైపోయి బడి తెరిచిన నాడు పొద్దుగాలనే చీర మార్చుకొని తయారైంది. "ఇగ నేను తోల్కపోతనయ్యా. నువ్వు నీ హోటల్‌కు పో."

ఎల్లయ్య అప్పటికే డబ్బలు తువ్వాలల మూట కడుతున్నడు. ముడి వేసే చేతులు ఆగినయి. "సరే మరి" అన్నడు. మూట ఇచ్చిండు. హోటల్ దిక్కు నాలుగడుగులు నడిచి, మళ్ళ తిరిగొచ్చి, "ఇయ్యాల ఒక్క దినం ఇద్దరం పోదాం. తొవ్వ చూపెడ్త" అన్నడు.

"నాకు తెల్వని తొవ్వనా?"

తెల్వకపోయె. నర్సింగమ్మ నడిపించిన నాటి పిల్లలు కారు వీళ్ళు. గోడ కాడికి రాంగనే అక్షిత ఆగి సెలవులకు ముందు పెట్టిపోయిన రాళ్ళను చూసుకోవాలె. సగం గుట్టల నరేష్, నవీన్ జాగాలు మార్చుకోవాలె. రోడ్డు కాడ ఎవరు ఎవరి పట్టీ పట్టుకోవాలెనో లెక్కున్నది. నర్సింగమ్మ, "నడువుండ్రే, గంటైతాంది!" అని కేకేస్తే నలుగురు తాత దిక్కు చూసిన్రు. బడి గేటు కాడ మారెమ్మ ఎల్లయ్యతోటి మాట్లాడింది, భాగ్యశ్రీ మిస్ ఎల్లయ్యకు దండం పెట్టింది. నర్సింగమ్మ పక్కన నిలవడి అన్నీ చూసింది.

తిరుగు తొవ్వల గుట్ట ఎక్కుకుంట మోకాలు పట్టుకొని ఆగింది. "ఇంకా నొస్తున్నదయ్యా. ఈ గుట్ట నాతోని కాదు. నువ్వే తోల్కపో, నేను వండుకుంట ఇంట్ల ఉంట."

"గట్లనే" అన్నడు ఎల్లయ్య, మొఖం కనవడకుండ ముంగటికి నడుసుకుంట.

ఆ మాపటికి ఆయన అరుగు మీద కూసోని చూస్తుండంగనే నర్సింగమ్మ నల్లా కాడికెల్లి రెండు బిందెలు, ఒకటి నెత్తిన, ఒకటి సంకల పెట్టుకొని, మెట్లెక్కి లోపలికి పోయింది. ఎక్కడ ఆగలే. 

అట్ల రెండేండ్లు గుట్ట దిగిన్రు, ఎక్కిన్రు. మనీష గురుకులం పరీక్ష రాసింది. దేవరకొండ దిక్కు ఐదో తరగతిల సీటొచ్చింది. జూన్ల స్వరూప లీవు పెట్టుకొని తోల్కపోతుంటే ఎల్లయ్య సుత బయల్దేరిండు. పెట్టె ఆయనే మోసిండు. మిగిలిన ముగ్గురిని పొద్దుగాలనే బడిల దించి వచ్చిండు. 

గురుకులంల మంచం చూపెట్టిన్రు, పెట్టె పెట్టుకునే జాగా చూపెట్టిన్రు. స్వరూప బట్టలు సర్దుతుంటే ఎల్లయ్య వరండాల నిలవడ్డడు. పిల్ల ఏడుస్తదేమో, ఏడిస్తే ఏం చెప్పాలె అని మాటలు వెతుక్కుంటున్నడు. మనీష బయటికొచ్చింది. ఏడ్వలే. గోడ మీది గడియారం దిక్కు చూసింది.

"తాతా, నువ్వింక పో. అమ్మ ఉంటది గద. నువ్వు గిప్పుడు బస్సెక్కకపోతే బడి ఇడిచే యాళ్లకు అందవు."

"అవ్వ పోతది తియ్యి."

"అవ్వకు నవీన్ దొరకడు. బడిల జామచెట్టు ఎన్క దాక్కుంటడు. నువ్వే పోవాలె." జర ఆగి అన్నది, "పో తాతా. నేను మంచిగనే ఉంట."

ఎల్లయ్య దాని నెత్తిమీద చెయ్యి పెట్టిండు.  "రోడ్డు కాడ..." అన్నడు. ఇక్కడ దాటే రోడ్డే లేదని యాదికొచ్చి ఆగిండు. మనీష నవ్వింది. నవ్వుకుంటనే ఏడ్చింది. తాత నడుముకు చుట్టుకొని ఆ ధోతిలనే మొఖం తుడుచుకొని లోపలికి ఉరికింది.

బస్సు ఎక్కడంటే అక్కడ ఆగింది. ఎక్కేటోళ్ళు, దిగేటోళ్ళు, మేకపిల్లతోటి ఒకాయన. ఎల్లయ్య డ్రైవర్‌ను రెండుసార్లు, "జర జల్ది పోనియ్యి బిడ్డా, పిల్లలు బడి కాడ ఉంటరు" అని బతిలాడిండు. దిగి ఉరికినట్టే నడిచిండు. అయినా ఆలస్యమైంది.

గేటు లోపలి మెట్ల మీద ముగ్గురు కూసోని ఉన్నరు. ఒక దిక్కు నరేష్ చెయ్యి, ఒక దిక్కు నవీన్ చెయ్యి పట్టుకొని నడుమ అక్షిత ఉన్నది. పక్కన భాగ్యశ్రీ మిస్ కుర్చీ వేసుకొని పిల్లల పలకలు దిద్దుతున్నది. ఇంటికి పోకుండ వీళ్ళ కోసమే ఆగినట్టుంది.

"గింత లేటా?" అన్నది అక్షిత.

"బస్సు జల్ది రాలే బిడ్డా."

"అక్క ఏడ్చిందా?" అని నవీన్ అడిగిండు.

"జరంత."

"మళ్ళ ఎప్పుడొస్తది?"

"దసరకు."

నవీన్ వేళ్ళు మడుసుకుంట నెలలు లెక్కవెట్టవోయి మధ్యల మర్చిపోయి మళ్ళ మొదటికొచ్చిండు. ఎల్లయ్య మూడు డబ్బలు తువ్వాలల మూట కట్టి నెత్తిన పెట్టుకున్నడు. మూట అల్కగ తేలిపోయినట్టున్నది. మిస్‌కు దండం పెట్టి బయటికి నడిచిన్రు.

అక్షిత ఏ రాయి కాడ ఆగలే. తమ్ముళ్ళిద్దరిని చెరొక దిక్కు పట్టుకొని ముంగట నడిచి, రోడ్డు కాడ నిలవడి, ఎన్కకు తిరిగి చూసింది.

"తాతా, జర జల్ది రా. అవ్వ చూస్తుంటది" అన్నది. ఎల్లయ్య అడుగులు జోరు చేసి వాళ్ళ ముంగటికి వచ్చిండు, రెండు దిక్కుల చూసి చెయ్యి లేపిండు.